కంచికి చేరని కథలు

మన ఇళ్లలో పెద్దలు పిల్లలకు కథ చెప్పి ముగించేటప్పుడు "కథ కంచికి, మనం ఇంటికి" అనటం తరతరాలుగా వస్తున్న ఆచారం. వినటానికి అది వట్టి చమత్కారంగా తోస్తుంది. కాని నిదానించి చూస్తే ఆ చిన్నమాటలో రెండు నియమాలు ఇమిడి ఉన్నాయి. ఒకటి, బయలుదేరిన కథ ఎక్కడికో ఒకచోటికి చేరాలి. రెండు, విన్నవాడు నిశ్చింతగా తన ఇంటికి తిరిగి రావాలి. కథ కంచికి చేరకపోతే విన్నవాని మనస్సు ఇంటికి చేరదు. దారిలోనే ఎక్కడో నిలిచిపోతుంది. ఈ సత్యం నాకు గ్రంథాలవల్ల తెలియలేదు. మా అమ్మ అడిగిన ఒక ప్రశ్నవల్ల తెలిసింది.

సుమారు పదిహేనేళ్ల కిందటి మాట. మా నాన్నగారు గతించిన తరువాత అమ్మ పల్లె విడిచి మా ఇంటికి వచ్చింది. కీళ్లనొప్పులవల్ల ఆమెకు గడప దాటటం కష్టంగా ఉండేది. ఊళ్లో ఉన్నప్పుడు సాయంకాలం అరుగుమీద కూర్చుంటే పదిమంది పలకరించేవారు. పట్నంలో మూడవ అంతస్తులో పలకరించేవారెవరు? ఆ లోటును టెలివిజన్‌లో వచ్చే ఒక ధారావాహిక తీర్చింది. అది ఒక మధ్యతరగతి కుటుంబం కథ. మొదటి వారంలోనే ఆ ఇంటి పెద్దకూతురు తండ్రితో మాటపట్టింపు వచ్చి ఇల్లు విడిచి వెళ్లిపోతుంది. తల్లి చేతికిచ్చిన మజ్జిగ గ్లాసును తాగకుండానే గట్టుమీద పెట్టి గడప దాటుతుంది. ఆ గ్లాసును చాలాసేపు చూపించారు. అమ్మ ఆనాడు కంటతడి పెట్టుకొన్నది.

ఆ ధారావాహిక నాలుగేళ్లు నడిచింది. ఆస్తి తగాదాలు వచ్చాయి, విషప్రయోగాలు జరిగాయి, ఒక పాత్రకు జ్ఞాపకశక్తి పోయి తిరిగి వచ్చింది. హఠాత్తుగా ఒక శుక్రవారంనాడు చిన్నకూతురి పెళ్లి జరిగింది. నాలుగేళ్లు అందరినీ ఏడిపించిన మేనత్త ఒక్క నిమిషంలో క్షమాపణ చెప్పింది. తెరమీద 'శుభం' అన్న అక్షరాలు పడ్డాయి. అమ్మ కొంచెంసేపు అట్లాగే కూర్చుండి, నావైపు తిరిగి, "ఒరే నాయనా, ఆ పెద్దపిల్ల ఏమైందిరా?" అని అడిగింది. ఆ పిల్లను రాసినవారు ఎప్పుడో మరచిపోయారు. అమ్మ మరచిపోలేదు.

నేను ప్రాచీన కావ్యాలపై పరిశోధన చేసినవాణ్ణి. సీరియళ్లంటే నాకు అంతవరకు చులకన భావమే ఉండేది. "అదంతా కల్పితమే గదమ్మా" అని తేలికగా తీసిపారేశాను. "కల్పితమైతే మాత్రం, పిల్ల పిల్ల కాకుండా పోతుందా? చదువుకొన్నవాడివి, నువ్వయినా చెప్పలేవా?" అన్నది అమ్మ. నా దగ్గర సమాధానం లేదు. ఒక కథ ముగింపు మనకు తృప్తిని ఎందుకిస్తుంది, మరొక కథ ముగింపు ఎందుకు నిరాశపరుస్తుంది అన్న విచారణ నాలో ఆనాటినుండి మొదలైంది. ధారావాహికలు మనకు కొత్త కావచ్చు. కథకు ముగింపు ఎట్లా ఉండాలన్న ఆలోచన మాత్రం మన పూర్వులకు కొత్త కాదు.

భరతముని నాట్యశాస్త్రంలో రూపకపు కథను అయిదు సంధులుగా విభజించాడు. ముఖం, ప్రతిముఖం, గర్భం, విమర్శం, నిర్వహణం అని వాటి పేర్లు. ముఖసంధిలో బీజాన్ని నాటాలి. ఆ విత్తనం మొలకెత్తి, కనబడుతూ మరుగుపడుతూ పెరిగి, విమర్శసంధిలో ఒక సంకటాన్ని ఎదుర్కొని, చివరికి నిర్వహణసంధిలో ఫలించాలి. అంతకుముందు నాలుగు సంధులలోనూ చెదరి ఉన్న అర్థాలన్నింటినీ ఒకచోటికి చేర్చటమే నిర్వహణమని లాక్షణికులు నిర్వచించారు. రైతు పొలమంతా పరచిన పనలను సాయంకాలానికి కుప్ప వేసినట్లన్న మాట. మరొక విశేషం కూడ ఉన్నది. నిర్వహణంలో అద్భుతరసం ఉండాలని శాస్త్రం చెబుతున్నది. అంటే ముగింపు మనలను ఆశ్చర్యపరచాలి. అయితే ఆ ఆశ్చర్యం నాటిన బీజంనుండే పుట్టాలి. మామిడి టెంక నాటినచోట మామిడిపండు కాయటమే సృష్టిలోని అద్భుతం. మామిడి చెట్టుకు గుమ్మడికాయ వేలాడితే అది వింత అవుతుంది గాని అద్భుతం కాదు.

మీమాంసకులు ఇదే విషయాన్ని మరొక మార్గంలో చెప్పారు. ఒక గ్రంథ తాత్పర్యాన్ని నిర్ణయించటానికి వారు ఆరు గుర్తులను పేర్కొన్నారు. వాటిలో మొదటిది ఉపక్రమ ఉపసంహారాల ఏకత్వం. అనగా, మొదలును తుదిని పక్కపక్కన పెట్టి చూస్తే గ్రంథం దేనిగురించి మాట్లాడిందో తెలుస్తుంది. ఈ కొలబద్ద వేదవాక్యాలకే గాక కథలకు కూడ చక్కగా సరిపోతుందని నా అభిప్రాయం. తృప్తినిచ్చే ముగింపు సుఖాంతమే కానక్కరలేదు, దుఃఖాంతమే కానక్కరలేదు. మొదట వేసిన ప్రశ్నకు అది సమాధానం చెప్పాలి. మొదట చేసిన బాసను అది చెల్లించాలి.

ఇందుకు మహాభారతాన్ని మించిన నిదర్శనం లేదు. నన్నయగారి ఆదిపర్వం ప్రారంభంలో సరమ అనే దేవశునకం కథ వస్తుంది. జనమేజయుడు యాగం చేస్తున్న చోటికి సరమ కొడుకైన సారమేయుడు ఆడుకొంటూ వెళ్తాడు. ఏ తప్పూ చేయని ఆ కుక్కపిల్లను రాజు తమ్ములు కొడతారు. తల్లి వచ్చి, తగనిపని చేసినవారికి అనుకోని ఆపద తప్పదని రాజుతో చెప్పి వెళ్లిపోతుంది. పదహారు పర్వాల కథ నడిచిన తరువాత మహాప్రస్థానంలో ద్రౌపది, నలుగురు తమ్ములు ఒక్కొక్కరే నేలకొరిగితే ధర్మరాజు వెంట చివరివరకు నడిచినది ఒక కుక్క. దానిని విడిచిపెట్టి రథమెక్కుమని ఇంద్రుడంటే, నమ్మి వెంటవచ్చినదానిని వదలి నాకు స్వర్గమెందుకని ధర్మరాజు నిలిచిపోతాడు. ఆ కుక్కయే ధర్మదేవత అని అప్పుడు తెలుస్తుంది. నోరులేని జీవిపట్ల అధర్మంతో మొదలైన గ్రంథం నోరులేని జీవిపట్ల ధర్మంతో ముగింపునకు వచ్చింది. అంతటితో ఆగక, స్వర్గంలో దుర్యోధనుణ్ణి, నరకంలో తమ్ములను చూపి ధర్మరాజుకు మరొక పరీక్ష పెట్టింది. అక్కడ కూడ ఆయన తనవారితో నరకంలోనే ఉండిపోవటానికి సిద్ధపడ్డాడు. దీనిని సుఖాంతమనలేము. అయినా భారతం విన్నవాడు తనకేదో బాకీ మిగిలిపోయిందని అనడు.

సుఖాంతమే జనానికి ఇష్టమన్న వాదం మన తెలుగువారి విషయంలో నిలవదు. 1963లో విడుదలైన 'లవకుశ' తెలుగులో తొలి పూర్తి వర్ణచిత్రం. పల్లెలనుండి బండ్లు కట్టుకొని వెళ్లి దానిని చూసిన సంగతి మా ఇంటి పెద్దలు కథలు కథలుగా చెప్పేవారు. ఆ కథ చివర సీత భర్తతో అయోధ్యకు తిరిగి రాదు. తల్లియైన భూదేవి ఒడిలోకి వెళ్లిపోతుంది. జనం ఏడ్చారు. ఏడ్చి తృప్తిగా ఇళ్లకు వెళ్లారు. కారణమేమి? నాగేటిచాలులో దొరికిన బిడ్డ ఆ నేలలోనికే తిరిగి వెళ్లింది. లోకం ఆమెను శంకించటం ఆ కథకు బీజం. ఆ శంకకు ఆమె ఇచ్చిన సమాధానం ముగింపు. మరొక ముగింపు పెట్టి ఉంటే ప్రేక్షకులు సంతోషించేవారేమో గాని నమ్మేవారు కారు.

ఒకే కథకు వేర్వేరు చోట్ల ముగింపు పెట్టవచ్చునా అన్న సందేహం రావచ్చు. తప్పక పెట్టవచ్చు. దూరదర్శన్‌లో 1987, 1988 సంవత్సరాలలో ప్రసారమైన 'రామాయణ్' పట్టాభిషేకంతో ఆగింది. ఉత్తరకాండ కూడ చూపాలని దేశంలో కొన్నిచోట్ల ఆందోళనలు జరిగాయి. ఆ తరువాత లవకుశుల కథ వేరొక ధారావాహికగా వచ్చింది. మన సాహిత్యంలోనూ పట్టాభిషేకంతో ముగించిన రామాయణాలున్నాయి. తిక్కన 'నిర్వచనోత్తర రామాయణం', కంకంటి పాపరాజు 'ఉత్తర రామాయణం' ఆ తరువాతి కథనే గ్రహించాయి. అట్లాగే 1988 నుండి 1990 వరకు 94 భాగాలుగా వచ్చిన దూరదర్శన్ 'మహాభారత్' స్వర్గారోహణం దాకా పోలేదు. భరతుని కథతో, శంతనునితో మొదలై, భీష్మ నిర్యాణంతో ముగిసింది. హస్తినాపుర సింహాసనంకోసం ఒక మనిషి చేసిన ప్రతిజ్ఞ ఎన్ని తరాలను కట్టిపడవేసిందో చూపటం ఆ కథనానికి బీజం గనుక, ఆ ప్రతిజ్ఞాబద్ధుడు బంధవిముక్తుడైనచోట ఆగటం సమంజసమే. ఎక్కడ ఆగాలన్నది కథకుని స్వేచ్ఛ. ఎక్కడ మొదలుపెట్టాడో మరచిపోయే స్వేచ్ఛ మాత్రం అతనికి లేదు.

అన్ని ధారావాహికలకూ ఈ భారం సమానంగా ఉండదన్న మాట కూడ నిజమే. మన కవిత్వంలో ముక్తకాలున్నాయి, ప్రబంధాలున్నాయి. శతకంలోని పద్యం దేనికదే సంపూర్ణం. ఏ పద్యం దగ్గర ఆపినా నష్టం లేదు. ప్రబంధాన్ని అట్లా ఆపలేము. 2001 నుండి 2007 వరకు వారం వారం నవ్వులు పంచిన 'అమృతం' వంటి హాస్య ధారావాహికలు ముక్తకాల వంటివి. హోటలు నడుపుకొనే ఇద్దరు మిత్రుల అవస్థ ఏ వారానికావారమే ముగుస్తుంది. అయినప్పటికీ ముక్తకాల హారానికి కూడ కొలికిపూస ఉంటే అందమే. అమెరికాలో 1972 నుండి 1983 వరకు ప్రసారమైన 'మాష్' ఇందుకు ఉదాహరణ. కొరియా యుద్ధంలో క్షతగాత్రులకు చికిత్స చేసే వైద్యుల కథ అది. అసలు యుద్ధం 1950 నుండి 1953 వరకు మూడేళ్లే జరిగింది. ధారావాహిక పదకొండేళ్లు నడిచింది. 1983 ఫిబ్రవరి 28న రెండున్నర గంటలపాటు ప్రసారమైన చివరి భాగాన్ని పదికోట్లమందికి పైగా చూశారు. యుద్ధం ఎప్పుడు ముగుస్తుంది, ఎప్పుడు ఇంటికి పోతామన్నది ఆ వైద్యులు మొదటినుండి పడిన తపన. చివరికి యుద్ధం ముగిసింది. ఎప్పుడూ నవ్వించే వైద్యుడు మనస్సు దెబ్బతిని చికిత్స పొందవలసి వచ్చింది. వీడ్కోలు చెప్పటానికి నోరు రాని మిత్రుడు, హెలికాప్టర్‌నుండి కనబడేటట్లు నేలమీద రాళ్లతో ఆ మాట పేర్చి వెళ్లిపోయాడు. ఇంటికి పోవాలన్న కోరిక నెరవేరింది, యుద్ధం తీసుకొన్న మూల్యమూ తెలిసింది. ప్రేక్షకులకు కూడ వీడ్కోలు దక్కింది.

ఇక నిరాశపరచిన ముగింపు సంగతి. 2011 నుండి 2019 వరకు ప్రపంచమంతటా ఆదరణ పొందిన 'గేమ్ ఆఫ్ త్రోన్స్' చివరి భాగాలు అభిమానులలో తీవ్రమైన అసంతృప్తిని కలిగించాయి. చివరి అధ్యాయాన్ని మళ్లీ తీయాలని కోరుతూ పదిలక్షలమందికి పైగా సంతకాలు చేశారు. జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ నవలలు దానికి ఆధారం. వాటిలో అయిదవ సంపుటం 2011లో వెలువడింది. ధారావాహిక ముగిసేనాటికి కూడ ఆరవ సంపుటం రాలేదు. అందువల్ల మూలరచయిత చెప్పని కథను నిర్మాతలు తామే పూర్తి చేయవలసి వచ్చింది. మొదటి ఆరు అధ్యాయాలలో ఒక్కొక్కదానికి పది భాగాలుండగా, ఏడవదానికి ఏడు, ఎనిమిదవదానికి ఆరు మాత్రమే కేటాయించారు. బానిసలను విడిపించిన రాణి డెనేరిస్ చివరికి లొంగిపోయిన నగరాన్ని కాల్చివేయటం చాలామందికి మింగుడుపడలేదు. ఆమెలో ఆ నిప్పురవ్వ లేదని కాదు. బీజం మొదటినుండి ఉన్నదే. కాని ఆ బీజం ఫలానికి చేరటానికి నడవవలసిన దారిని, విమర్శసంధిలో చూపవలసిన అంతర్మథనాన్ని తొందరలో తగ్గించివేశారు. పండు పండలేదు, పండించారు. తేడా నాలుకకు తెలియకుండా ఉండదు.

ఒకరు విడిచిన కథను మరొకరు పూర్తి చేయటం అసాధ్యమా? కాదని మన ఆంధ్రమహాభారతమే సాక్ష్యమిస్తుంది. పదకొండవ శతాబ్దంలో నన్నయ అరణ్యపర్వం నడుమ ఆగిపోయాడు. పదమూడవ శతాబ్దంలో తిక్కన విరాటపర్వం మొదలు స్వర్గారోహణం వరకు పదిహేను పర్వాలు రచించాడు. పద్నాలుగవ శతాబ్దంలో ఎర్రన అరణ్యపర్వశేషాన్ని పూరించాడు. అంటే తెలుగు భారతంలో తుది ముందు సిద్ధమైంది, నడుమ తరువాత నిండింది. ఎర్రన ఆ భాగాన్ని నన్నయ పేరుననే, రాజరాజనరేంద్రునికి అంకితంగా రచించి తన పేరును వెనుకకు తీసుకొన్నాడు. కథ ఎక్కడికి చేరాలో వ్యాసుడు ముందే నిర్ణయించి ఉండటం వారికి కలిగిన మేలు. ఆ గమ్యంపట్ల గౌరవం వారి సంస్కారం. దారి తెలిసినవాడు ఎవరైనా బండి తోలవచ్చు.

మన దినసరి ధారావాహికల చిక్కు సరిగ్గా ఇక్కడే ఉన్నది. వాటి బండి ఎక్కడికి పోతున్నదో తోలేవారికి కూడ తెలియదు. కారణం రచయితల అసమర్థత అని నేను అనుకోను. ధారావాహికకు డబ్బు చెల్లించేది ప్రేక్షకుడు కాదు, ప్రకటనదారుడు. ప్రకటన విలువ వారం వారం వచ్చే రేటింగులనుబట్టి ఉంటుంది. రేటింగు బాగున్నంతకాలం కథను ముగించటం నష్టం, పడిపోయిన తరువాత నడిపించటం నష్టం. కనుక బలంగా ఉన్నప్పుడు కథ సాగుతుంది, నీరసించినప్పుడు తెగిపోతుంది. నడుమ ఉబ్బి, తుది ఎండిపోతుంది. చిత్రీకరణకు కొద్దిరోజుల ముందు మాత్రమే సంభాషణలు సిద్ధమయ్యే పద్ధతిలో, మొదటి వారంలో నాటిన విత్తనం నాలుగవ ఏట ఎవరికి గుర్తుంటుంది?

2017 నుండి 2023 వరకు తెలుగునాట ఎంతో ఆదరణ పొందిన 'కార్తీక దీపం'ను గమనించండి. భర్త భార్య శీలాన్ని శంకించటం, కవలపిల్లలు చెరొకచోట పెరగటం దాని బీజం. ఒక విధంగా అది మన సీతమ్మ కథయే. అందుకే లక్షల ఇళ్లలో ఆ పాత్రలు బంధువులయ్యాయి. అసలు నిజం భర్తకు తెలిసినప్పుడు ఆ బీజానికి ఫలం సిద్ధించింది. కాని ఆదరణ ఉన్నందువల్ల కథ ఆగలేదు. ప్రధానపాత్రలు మరణించినట్లు చూపారు. ప్రేక్షకులు వారిని మరువలేకపోవటంతో మళ్లీ తీసుకువచ్చారు. ఫలించిన చేనుకు మళ్లీ మళ్లీ నీరు పెడితే కలుపే పెరుగుతుంది.

ఇందుకు నిర్మాతలను మాత్రమే నిందించటం న్యాయం కాదు. ఒక ధారావాహిక నడుస్తుంటే నటులు, సాంకేతికులు, దీపాలు మోసేవారు, వంటవారు ఎందరికో నెలజీతం అందుతుంది. దానిని ఆపటమంటే ఆ పొయ్యిలు ఆర్పటమే. ప్రేక్షకులమైన మనమూ నిర్దోషులం కాము. ముగియకూడదని కోరేది మనమే, ముగియటం లేదని విసుక్కొనేదీ మనమే. అయినా మార్గం లేకపోలేదు. లాటిన్ అమెరికా దేశాలలో టెలినొవెలా అనే ధారావాహికలను సాధారణంగా కొన్ని నెలలలో ముగిసేటట్లు ముందుగానే నిర్ణయించుకొని రాస్తారు. అక్కడ కూడ ప్రకటనలున్నాయి, రేటింగులున్నాయి, జీతాలున్నాయి. ఒకటి ముగియగానే మరొకటి మొదలవుతుంది గనుక పనివారి పొయ్యి ఆరదు, కథ కుళ్లదు.

జీవితానికే ముగింపు లేనప్పుడు కథకు మాత్రం ఎందుకని ఆధునికులు కొందరు అడుగుతారు. ఇది కొట్టివేయదగిన ప్రశ్న కాదు. 'ది సొప్రానోస్' అనే అమెరికన్ ధారావాహిక 2007 జూన్ 10న ఒక భోజనశాలలో కుటుంబం కలుసుకొంటుండగా హఠాత్తుగా తెర నల్లబడి ముగిసింది. తమ టెలివిజన్ చెడిపోయిందేమోనని చాలామంది కంగారుపడ్డారు. కాని నేరస్థుడైన ఆ నాయకునికి ఏ నిమిషాన ఏమవుతుందో తెలియని భయమే మొదటినుండి ఆ కథలోని ఊపిరి. ఆ భయాన్ని చివరిక్షణంలో ప్రేక్షకునికి అప్పగించారు. మన 'కన్యాశుల్కం'లోనూ గిరీశం తరువాత ఏమి చేశాడో గురజాడవారు చెప్పలేదు. అయితే మొదటి అంకంలో చేసిన మోసాలు బయటపడి విజయనగరం విడిచి జారుకొన్నవాడు, చివరి అంకంలో నిజం బయటపడి సౌజన్యారావు పంతులు ఇంటినుండి వెళ్లవలసి వస్తుంది. లెక్క సరిపోయింది. తలుపు తెరచి ఉంచటం వేరు, తలుపే పెట్టకుండా ఇల్లు అప్పగించటం వేరు. మొదటిది కళ. రెండవది అసంపూర్తి పని.

మా చిన్నతనంలో ఊళ్లో హరికథ చెప్పే దాసుగారు ఎంత పొద్దుపోయినా మంగళం పాడకుండా లేచేవారు కాదు. వాన వచ్చి సగంమంది వెళ్లిపోయినా, మిగిలిన నలుగురికోసం హారతి ఇచ్చి మంగళం పాడేవారు. ఆనాడు అది భక్తి అనుకొన్నాను. ఇప్పుడు ఆలోచిస్తే అది మర్యాద కూడ అనిపిస్తుంది. అంతసేపు తన మాటను నమ్మి కూర్చున్నవారిని క్షేమంగా ఇంటికి సాగనంపటం కథకుని విధి. ధారావాహిక అడిగేది ఒక రాత్రి కాదు. కొన్ని సంవత్సరాల సాయంకాలాలు. ముసలివారు, రోగులు, ఒంటరివారు తమకు మిగిలిన కాలంలోనుండి తీసి ఇచ్చిన సాయంకాలాలు అవి. అందుకు బదులుగా వారడిగేది పెద్ద ఆడంబరం కాదు. మొదట చూపిన మనిషిని చివరికి ఒక్కసారి చూపమని మాత్రమే.

అమ్మ ఇప్పుడు లేదు. ఆమె పోయిన ఏడాది ఒకనాటి రాత్రి మా అమ్మాయికి ఏదో కథ చెబుతున్నది. గుమ్మందగ్గర నిలబడి విన్నాను. ఇల్లు విడిచి వెళ్లిన ఒక పెద్దకూతురు చాలా ఏళ్లకు ఎండలో నడుచుకొంటూ తిరిగి వచ్చిందట. తండ్రి వాకిట్లో మంచంమీద ఉన్నాడట. ఆమె ఎవరినీ క్షమాపణ అడగలేదు, ఎవరూ ఆమెను కోప్పడలేదు. తిన్నగా వంటింట్లోకి వెళ్లి, "అమ్మా, దాహంగా ఉంది, కాసిని మజ్జిగ ఇవ్వు" అన్నదట.

"అంతేనా నాయనమ్మా?" అన్నది మా అమ్మాయి.

"అంతేనే. కథ కంచికి, మనం ఇంటికి. ఇక పడుకో" అన్నది అమ్మ.

నాట్యశాస్త్రం పేరైనా వినని మా అమ్మ, అందులోని నిర్వహణసంధిని నాకంటె బాగా ఎరిగినది. నాలుగేళ్లుగా గట్టుమీద ఉండిపోయిన ఆ గ్లాసును ఆమె మాత్రమే మరచిపోలేదు.